‘మదనములకు’ అంటే ఉమ్మెత్తా, మంగా?

పద్యప్రియ:
డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతాను. మన పద్యాల్లోని మొక్కలతో కళాశాలలో ఒక ప్రదర్శన సిద్ధం చేస్తున్నాం. ఒక్కో పలక మీద పద్యపాదం, దాని కింద ఎండబెట్టిన కొమ్మ, శాస్త్రీయ నామం. మొదటి పలక పోతన భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పే పద్యమే. ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు పోవునే మదనములకు’ వరకు సాఫీగా వచ్చింది. కోయిల పాదం చివర ఉన్న చెట్టు పేరు మాత్రం నిన్నటి నుంచి నాలుక చివర ఆడుతోంది, బయటికి రావడం లేదు. ఇంకొకటి, ‘మదనము’ కింద ఏ కొమ్మ అతికించాలి?

గసడదవ:
‘లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు కోయిల సేరునే కుటజములకు’. కుటజం అంటే కొడిసెపాల. అయితే ముందు మొదటి పాదం దిద్దండి. ‘మధుపంబు వోవునే’ అని ఉండాలి. కింద ‘రాయంచ సనునె’, ‘కోయిల సేరునే’ అని రెండు చోట్లా చకారానికి సకారం ఆదేశం చేసిన కవి ఇక్కడొక్కచోట పకారాన్ని వదిలేస్తాడా? గోడకెక్కే అక్షరం, వకారమే ఉండాలి.

గోదావరి గట్టు:
ఆ సంధి వైకల్పికం కదండీ. పాడేవారి నోట ‘బోవునే’ అని కూడా వింటుంటాం.

గసడదవ:
వైకల్పికమే, కాదనను. కానీ ‘బోవునే’ మాత్రం పొసగదు. ‘మధుపంబు’ కళ, అంటే చివర నకారం (ద్రుతం) చేరే ద్రుతప్రకృతికం కాదు. ద్రుతం లేనిదే సరళం, అంటే ఈ బకారం, ఎక్కడి నుంచి వస్తుంది?

అమరం పక్షం:
వకారం సంగతి తేలింది కాబట్టి అసలు ప్రశ్నకు వద్దాం. మదనం ఉమ్మెత్తే. ‘ఉన్మత్తః కితవో ధూర్తో ధత్తూరః కనకాహ్వయః’ తరువాత ‘మాతులో మదనశ్చ’ అని సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరుడు. మనం చదివిన తాత్పర్యాలు కూడా ఉమ్మెత్త అనే చెబుతాయి.

వనమాలి:
అమరకోశంలో అదే వనౌషధి వర్గంలో, అంటే మొక్కల పేర్ల భాగంలో, కాస్త ముందు ‘శల్యశ్చ మదనే’ అని కూడా ఉందండీ. అక్కడ మదనం పిండీతకం, అంటే మన మంగ చెట్టు. ఆయుర్వేదంలో చరకుడి గ్రంథంలోని కల్పస్థానం మొదలయ్యేదే మదనకల్పంతో. వమనానికి, అంటే వాంతి చేయించడానికి, మంగకాయను మించిన మందు లేదని వైద్యుల మాట. పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో రాండియా డ్యుమెటోరం, ఇప్పుడు కాటునారెగం స్పైనోసా. కాయను దంచి నీళ్లలో కలిపి చేపలను మత్తెక్కించి పట్టేవారు. మదనం అనగానే పాతకాలపు వైద్యుడికి తట్టేది ఇదే.

అమరం పక్షం:
మంగ పువ్వు కమ్మగా వాసన వేస్తుంది. తెల్లగా విచ్చి పసుపుపచ్చకు తిరుగుతుంది. అలాంటి పువ్వును మధుపం ఎందుకు కాదంటుంది? విషపు ఉమ్మెత్త అయితేనే పోలిక నిలుస్తుంది.

వనమాలి:
నా వాదానికి బలం అక్కడే ఉంది. ఉమ్మెత్త సాయంత్రం విచ్చే పువ్వు. పొడవాటి గొట్టం అడుగున తేనె ఉంటుంది, దాన్ని అందుకునేవి పెద్ద తొండమున్న రాత్రి చిమ్మటలు. తుమ్మెదకు అందని తేనె దగ్గరికి ‘వోవునే’ అని అడిగితే అందులో గొప్పేముంది? మంగ పువ్వు పోదగిన పువ్వు. పోదగినదై ఉండి కూడా పోకపోవడమే ప్రహ్లాదుడు చెబుతున్నది. రెండో పాదం చూడండి, ‘నిర్మల మందాకినీ వీచికలఁ దూగు రాయంచ సనునె తరంగిణులకు’. తరంగిణులు మురికి కాలువలు కావు, మంచి నదులే. అయినా మందాకిని అలల్లో తూగిన హంస అటు పోదు.

గోదావరి గట్టు:
తేనె అందకపోయినా పుప్పొడి కోసం తేనెటీగలు ఉమ్మెత్త మీద వాలతాయి. తెల్లవారుజామున చూస్తే కనిపిస్తాయి.

యతిమైత్రి:
మొక్కను ఎంచింది యతి, అంటే పాదంలో నిర్ణీత చోట్ల అక్షరాలు కలవాలన్న నియమం, అని నా నమ్మకం. సీసపాదం రెండో సగంలో ‘మధుపంబు’ మకారానికి మూడో గణం మొదట మకారం కావాలి, మదనం వచ్చింది. ‘కోయిల’కు కుటజం కూడా అలాగే దొరికింది. మరో ప్రతిపాదన. మదనం అంటే మైనం అని కూడా అర్థం ఉంది, ప్రాకృతంలో మయణం. తేనె తాగిన తుమ్మెద మైనానికి పోతుందా అని ఎందుకు అనుకోకూడదు?

గసడదవ:
తరంగిణులు, కుటజాలు, నాలుగో పాదంలో చకోరం పోని నీహారాలు (మంచు) అన్నీ ఆ ప్రాణి వెతుక్కుంటూ పోగల తావులు. మైనం ఆ వరుసలో ఇమడదు. ఇక యతి అక్షరాన్ని అడుగుతుంది గానీ మాటను అడగదు. మకారంతో మాలతి లేదా, మల్లె లేదా? మదనమే ఎందుకన్నదానికి జవాబు ఎత్తుగీతిలో, అంటే సీసం చివరి గీతపద్యంలో, ఉంది. ‘చింతనామృత పాన విశేష మత్త చిత్తము’. ఉమ్మెత్త అన్న మాట ఉన్మత్త నుంచి వచ్చిందే. అమృతం తాగిన మత్తు ఒకటి, వెర్రెత్తించే మత్తు ఒకటి. విశేషమత్తుడు ఉన్మత్తం దగ్గరికి పోడు. పైగా మదనుడనగానే మన్మథుడూ తోస్తాడు. సంస్కృత భాగవత మూలంలో ప్రహ్లాదుడు అయస్కాంతం వైపు తిరిగే ఇనుముతో పోల్చుకుంటాడు. ఈ మొక్కలన్నీ పోతన నాటినవి. అంత ఎంచి నాటినవాడు మంగను నాటడు.

పద్యప్రియ:
ఉమ్మెత్త అనుకుంటే చరిత్ర వైపు ఒక చిక్కు ఉంది. డాటురా (ఉమ్మెత్త) జాతులు అడవిలో సహజంగా పెరిగేది మెక్సికో, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో. అందుకని ఇది 1492 తరువాత ఇక్కడికి చేరిన మొక్క అని చాలాకాలం వాదన నడిచింది. 2007లో గీత, ఘరైబే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సంస్కృత గ్రంథాలను, శిల్పాలను సాక్ష్యంగా తెచ్చి, కొలంబస్‌కు ఎంతో ముందే ఈ మొక్క ఇక్కడ ఉందని వాదించారు. లిన్నేయస్ పెట్టిన ‘డాటురా’ పేరు కూడా మన ధత్తూరమే. అంటే నిఘంటువులో ఒక పర్యాయపదం వృక్షశాస్త్రానికి ఆధారమైంది. అమరుడి ధత్తూరం ఈ మొక్కేనా అన్న ప్రశ్న అక్కడా ఉంటుంది గనుక, మన చర్చ వారికీ అవసరమే.

మేఘసందేశి:
అందరూ మదనం చుట్టూ తిరుగుతున్నారు, కుటజానికి జరిగిన అన్యాయం ఎవరికీ పట్టలేదు. మేఘసందేశంలో కాళిదాసు యక్షుడు రామగిరి మీద మేఘుడికి అర్ఘ్యం ఇచ్చింది దేనితో? ‘ప్రత్యగ్రైః కుటజకుసుమైః’. అమరుడు గిరిమల్లిక అన్నాడు. తొలకరి కొండమీద ఆ తెల్లని గుత్తులు చూసినవారెవరూ దాన్ని చేదు చెట్టు అని తోసెయ్యలేరు. కాళిదాసుకు పువ్వు కనిపించింది, పోతన చేదు రుచి చూశాడు.

వనమాలి:
ఆ చేదు బెరడే జిగట విరేచనాలకు మందు. చరకుడు ఆడ కుటజం, మగ కుటజం అని రెండు చెబుతాడు. ఆడది ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టేనని కొందరి గుర్తింపు. పద్యప్రియ గారూ, కొమ్మ తెచ్చేటప్పుడు జాగ్రత్త. రెండూ తుంచితే పాలు కారేవే, కాయలు రెండింటికీ జంటగానే వేలాడతాయి.

పద్యప్రియ:
మంగ, ఉమ్మెత్త రెండూ పక్కపక్కన పెడతాను. మందారానికి ఎర్ర మందారమే కదా?

అమరం పక్షం:
అది జపాకుసుమం. లిన్నేయస్ 1753లో దానికి చైనా గులాబీ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అమరంలో మందారం మూడు చోట్ల ఉంది. ఒకటి దేవతరువు, ఒకటి పారిభద్రం అంటే బాడిద, ఒకటి జిల్లేడు.

గసడదవ:
దేవతరువే. కింద మందాకిని కూడా ఆకాశగంగే. స్వర్గంలోది వదిలి భూమి మీదికి ఎందుకు దిగాలి అన్నది మొదటి రెండు పాదాల పోలిక.

వనమాలి:
అలాగైతే మూడో పాదంలో మామిడి ఏ స్వర్గంలోది? రసాలం, కుటజం రెండూ ఈ నేల చెట్లే. అందుకే మందారం కూడా ఇక్కడి చెట్టే అంటాను. బాడిద కొమ్మ పెట్టండి.