ఉరి పడ్డ ఖైదీ కాడికి పాస్టర్‌ను రానిస్తరా?

దేవరకొండ పిల్లగాడు:
అన్నలూ అక్కలూ ఒక డౌటు. మా బాబాయి పాస్టరు, ప్రార్థన చెయ్యనీకి జైలుకు పోతుంటడు. మొన్న అమెరికా కేసు ఒకటి చెప్పిండు, టెక్సాస్‌ల జాన్ హెన్రీ రామిరెజ్ అనే ఖైదీ, నాకు శిక్ష అమలు చేసేటప్పుడు మా పాస్టరు నా మీద చెయ్యేసి బయటికి వినపడేటట్టు ప్రార్థన చెయ్యాలె అని సుప్రీంకోర్టు దాక పోయిండంట, 2022 మార్చిల 8-1తోని గెలిచిండంట. మన దగ్గర గిట్లాంటిది ఉంటదా? మా అమ్మేమో "సంపినోనికి ప్రార్థన ఎందుకురా, సచ్చినోళ్ల తల్లి కాడికి పొమ్మను" అంటది. మీరేమంటరు?

నల్లగొండ వకీలు:
తమ్మీ, 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్‌ల, అంటే జైళ్లు ఎట్ల నడపాల్నో చెప్పే నమూనా రూల్స్ పుస్తకంల ఉన్నది. ఖైదీ కోరుకుంటే ఆయన మతపు గురువును ఉరి తీసే కాడికి రానియ్యొచ్చు, కానీ అది సూపరింటెండెంట్ చేతిల ఉంటది. సుట్టాలకైతే ఎంట్రీ లేదు, కన్నతల్లైనా సరే. అందుకే ఆ ఒక్క మనిషి చానా ముఖ్యం అంటా నేను. ఇంకోటి, కింది కోర్టు ఉరి వేసినంత మాత్రాన అయిపోదు, 2025 మార్చిల మన నల్లగొండ కోర్టు పరువు హత్య కేసుల వేసింది గదా, అసొంటిది హైకోర్టు ఖరారు చెయ్యాలె, తర్వాత సుప్రీంకోర్టు, ఆ తర్వాత గవర్నర్, రాష్ట్రపతి క్షమాభిక్ష. అదీ కాదన్నంక గూడ 14 రోజులు ఆగాలని 2014ల సుప్రీంకోర్టు చెప్పింది. ఏండ్లకేండ్లు పడ్తది, మీ బాబాయి అసలు పని ఆ ఏండ్లలనే.

పాలమూరు అక్క:
మీ అమ్మ మాట నాకు తగిలింది తమ్ముడా. మా మేనమామను పొలం గట్టు పంచాయితీల సంపిండ్రు. దినాలు అయిందాక అందరొచ్చిండ్రు, తర్వాత ఒక్కలు మా గడప తొక్కలే. మా అత్త ఇప్పటికీ ఆయన కండువా దండెం మీదికెల్లి తియ్యనియ్యదు, ఉతికి పిండి మళ్ల ఆడ్నే ఏస్తది. జైలుకు పోవుడు తప్పని నేననను, సంపినోడు గూడ ఏడుస్తడు కావచ్చు. కానీ మీ బాబాయి ఈ ఇండ్లకు గూడ పోవాలె, ముందుగాల పోవాలె.

మిర్యాలగూడ మాస్టరు:
రామిరెజ్ గెలిచిండు గానీ శిక్ష ఆగలే, 2022 అక్టోబర్ 5న అమలు చేసిండ్రు, పాస్టరు పక్కనే ఉన్నడు. అతను 2004ల దుకాణంల పన్జేసేటాయనను పొడిచి సంపిండు, దొరికింది 1.25 డాలర్లు. అంత ఘోరం చేసినోని పక్కన నిలబడాల్నంటే ఎంత గుండె ఉండాలె. 2019ల అమెరికాలనే అలబామా రాష్ట్రంల ఒక ముస్లిం ఖైదీకి ఇమాంను శిక్ష అమలు చేసే రూములకు రానియ్యలే, జైలుల జీతానికి ఉండే క్రైస్తవ చాప్లిన్‌కు (జైలు పాస్టరుకు) మాత్రం పర్మిషన్ ఉండె. అది నాకు అస్సలు మింగుడు పడలే.

దేవరకొండ పిల్లగాడు:
అక్కా, మీ మెసేజ్ బాబాయికి చదివి వినిపిచ్చిన. మీ అత్త ఊరు యాడనో అడుగుతుండు, ఆమె సరేనంటేనే వస్తడంట.