టైమ్ ట్రావెల్ సినిమాలో గతాన్ని మార్చేసి ముగిస్తే అది మోసమా, కాదా?

అలిపిరి మెట్లు:
'24', 'ఒకే ఒక జీవితం' చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, రెండిటి చివరా చెప్పేస్తున్నా.

నిన్న రాత్రి రూమ్‌లో ముగ్గురం కూర్చొని '24' మళ్లీ చూశాం. అందులో హీరో చేతికొచ్చిన వాచీ కాలాన్ని 24 గంటలే వెనక్కి తిప్పగలదు అనే హద్దు ఉన్నంతసేపు టెన్షన్ బ్రహ్మాండం. చివర్లో ఆ హద్దు దాటి 26 ఏళ్లు వెనక్కి, 1990కి పోయి అమ్మానాన్నల్ని బతికించుకున్నారు. సంతోషమే. మరి అప్పటిదాకా నేను భయపడింది దేనికి? చూసిన కథంతా పలక తుడిచినట్టు తుడిచేస్తే నాకది మోసమే. 'ఒకే ఒక జీవితం' (2022)లో హీరో 1998కి వెళ్తాడు, అయినా అమ్మను దక్కించుకోలేడు. అదీ నిజాయితీ. తెల్లారి నాలుగింటిదాకా కొట్లాడినా మా రూమ్‌లో తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

పూతలపట్టు బస్సు:
ఏం సామీ, సినిమాకు పోయేది మనసు తేలికపడడానికా, పరీక్ష రాయడానికా? పలక తుడిచినంత మాత్రాన పాఠం మర్చిపోతామా? పాత్రలకు గుర్తులేకపోతే ఏం, చూసిన మనకు గుర్తుంది కదా.

గాదంకి రాడార్:
సైన్స్ వైపు నుంచి ఒక మాట. కాలం అందరికీ ఒకేలా నడవదన్నది కల్పన కాదు. జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. వేగం వల్ల 7 తగ్గుతాయి, అంత ఎత్తులో గురుత్వం తక్కువ కాబట్టి 45 పెరుగుతాయి. ఆ తేడా సరిచేయకుండా వదిలేస్తే ఒక్క రోజులోనే మ్యాప్ పది కిలోమీటర్లు తప్పి, రేణిగుంటలో ఉన్నవాణ్ణి తిరుపతిలో చూపించగలదు. అంటే ముందుకు జరగడానికి దారి ఉంది. వెనక్కి పోయినట్టు మాత్రం ఇప్పటిదాకా ఒక్క ఆధారమూ లేదు.

కాణిపాకం రోడ్డు:
ముందుకు పోయిన కథ మన భాగవతంలోనే ఉంది నాయనా. రైవతుడు కూతురు రేవతికి తగిన వరుణ్ణి చెప్పమని బ్రహ్మలోకం పోయాడు. అక్కడ పాట నడుస్తుంటే కాసేపు ఆగాడు. అది అయ్యేసరికి భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. తాను అనుకున్న పెళ్లికొడుకులే కాదు, వాళ్ల మునిమనవళ్లు కూడా లేరు. కాలాన్ని వెనక్కి తిప్పమని ఆయన అడగలేదు. ఉన్న కాలంలోనే బలరాముడికిచ్చి పెళ్లి చేశాడు. నా ఓటు అలిపిరి అబ్బాయికే.

అలిపిరి మెట్లు:
అట్లా చెప్పండి పెద్దాయనా! ఇంకోటి వినండి. 'ఆదిత్య 369' (1991)లో సింగీతం గారు హీరోని 1526కి, కృష్ణదేవరాయల దగ్గరకు పంపారు. ఆ మెషీన్‌లో నేనుంటే రాయల చెవిన ఒక్క మాట వేసేవాణ్ణి, 1565లో తల్లికోట దగ్గర జాగ్రత్త అని మీవాళ్లకు చెప్పి పెట్టండి సామీ అని. ఆ యుద్ధం గెలిస్తే రాజధాని హంపీ వదిలి పెనుకొండకు, చంద్రగిరికి రాదు. చంద్రగిరి రాజులు లేకపోతే 1639లో ఇంగ్లీషువాళ్లకు మద్రాసు స్థలం దక్కదు. మద్రాసు లేకపోతే కోడంబాక్కం స్టూడియోలు లేవు, మన పాత సినిమాలు లేవు, వాటి తర్వాత 'ఆదిత్య 369' కూడా లేదు. మరి రాయల చెవిలో చెప్పిందెవరు? ఒక్క పోగు లాగితే చీరంతా వస్తుంది. సినిమావాళ్లు పోగు లాగేసి, చీర మాత్రం మడత నలగకుండా చూపిస్తున్నారు.

పూతలపట్టు బస్సు:
చంద్రగిరి నుంచి కోడంబాక్కం దాకా టికెట్ లేకుండా తీసుకుపోయావు కదా అబ్బోడా. ఇది మాత్రం బాగుంది, ఒప్పుకుంటా.

చిత్తూరు మామిడి:
మీరంతా మగపిల్లలు పజిల్ విప్పినట్టు మాట్లాడుతున్నారు. మా నాన్న పోయిన ఏడాదే నేను '24' చూశాను. చివర్లో ఆ ఇల్లు మళ్లీ కళకళలాడుతుంటే హాల్లో వెక్కి వెక్కి ఏడ్చాను. అది జరగదని నాకు తెలియదా? తెలిసే పోయాను. మీ మద్రాసు ఉంటే ఉండనీ, పోతే పోనీ. మా నాన్న ఒక్క పూట వచ్చి నా చేతి సంగటి తిని పోతే చాలు.

అలిపిరి మెట్లు:
దీనికి నా దగ్గర జవాబు లేదక్కా. కాకపోతే ఆయన ఒక్క పూట వచ్చి తిని వెళ్లిపోయే సినిమా తీస్తే మొదటి ఆటకే పోతాను. వెళ్లకుండా ఉండిపోతేనే నా గొడవ.