అప్‌డేట్: మా ఊరి గైరాన్ (ఉమ్మడి మేత భూమి) గడ్డి సంగతి

మహారాష్ట్రలోని దేగ్లూర్ పక్కన మా ఊరి గైరాన్‌లో గొర్రెలకు గడ్డిపోచ మిగలడం లేదు, మేత భూముల నిపుణుల సంఘం ఏదైనా ఉందా అని అడిగాను కదా. మీరు చెప్పిన రేంజ్ మేనేజ్‌మెంట్ సొసైటీ ఆఫ్ ఇండియా ఝాన్సీలో, 1962లో పెట్టిన పశుగ్రాస పరిశోధన సంస్థలోనే ఉంది. వాళ్ల జర్నల్ మాలాంటి వాళ్లకు కొరుకుడు పడదు లెండి. ఆ సంస్థ కేంద్రాల్లో మాకు దగ్గరది ధార్వాడ్.

గైరాన్‌లో అంజన్ గడ్డి, స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) కలిపి వేశాం. స్టైలో గింజ పెంకు గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాం. అంజన్ విత్తనం నూగులా గాలికి ఎగిరిపోతుంటే తడి ఇసుకలో కలిపి చల్లాం. మొలక బాగానే వచ్చింది. అసలు టెన్షన్ మొదటి ఏడాది మందలను అందులోకి రాకుండా ఆపడమే. మా మామ ఒప్పుకున్నాడు, పక్క ఊరివాళ్లు ఇంకా ఏదీ తేల్చడం లేదు.