తడి తారు మీద ఏ సైకిల్ టైరు మంచిది?

ప్రశ్న (పర్లాకిమిడి): నాది గేర్ల సైకిలు. టైర్ల మీద 26 x 2.10 అని ఉంది, రబ్బరు గడ్డలు గడ్డలుగా ఉంటుంది. రోజూ పాతపట్నం వెళ్ళొస్తాను. మా వీధిలో కాస్త ఎర్రమట్టి తప్ప అంతా తారే. తొక్కుతుంటే ఒకటే హోరు, కాళ్ళు లాగేస్తున్నాయి. నున్నటి సన్న టైర్లు వేస్తే వానకి జారతాయేమోనని టెన్షన్.

జవాబు (జయపురం): టైర్లు మార్చు తమ్ముడూ, కానీ మరీ సన్నవి వద్దు. నేలకు ఆనిన చోట టైరు అణిగి, మళ్ళీ లేస్తూ ఉంటుంది. అలా అణిగి లేచినప్పుడల్లా నువ్వు తొక్కిన బలం కొంత వేడిగా పోతుంది. నీ టైరులో దీనికి తోడు ఒక్కో గడ్డా విడిగా వంగుతుంది. ఆ హోరు, ఆ బరువు అందుకే. ఒకే గాలి ఒత్తిడి ఉంటే సన్న టైరు కన్నా వెడల్పుదే తేలిగ్గా దొర్లుతుంది. సన్నదానికి గాలి గట్టిగా కొట్టాలి, అప్పుడు గతుకుల్లో సైకిలు ఎగిరెగిరి పడి వేగం తగ్గుతుంది.

జారుడు భయం అక్కర్లేదు. కారు టైరుకి గాడులు ఉండేది నీటిని తోసేయడానికి. సైకిలు టైరు సన్నం, గుండ్రం. మనం వెళ్ళే వేగానికి అది నీళ్ళ మీద తేలదు. తారు గరుకుని రబ్బరు ఎంత ఎక్కువ తాకితే అంత పట్టు, అందుకే తడి తారు మీద నున్నటిదే నయం. గడ్డలు పనికొచ్చేది బురదలో. తెల్ల గీతలు, ఇనుప మూతలు తడిస్తే ఏ టైరైనా జారుతుంది, అక్కడ హ్యాండిల్ తిప్పకు, బ్రేకు పట్టకు.

26 x 1.75 తీసుకో. పక్కన 47-559 అని ఉందో లేదో చూడు. 47 అంటే టైరు వెడల్పు, 559 అంటే రిమ్ముకి పట్టే లోపలి కొలత, రెండూ మిల్లీమీటర్లలో. 26 x 1 3/8 టైరు మీదా 26 అనే ఉంటుంది, కానీ దాని లోపలి కొలత 590, నీ రిమ్ముకి పట్టదు.

రాయగడ నుంచి: అన్నా, మాలాగా కొండ ఊళ్ళకి మట్టి దారిలో పోయేవాళ్ళు ముందు గడ్డల టైరు ఉంచి, వెనక నున్నటిది వేసుకోవచ్చు. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే పడ్డట్టే.

జయపురం: నిజమే. బరువు వెనకే ఎక్కువ పడుతుంది కాబట్టి అక్కడ నున్నటిది వేసినా తేలిక తెలుస్తుంది. పర్లాకిమిడి తమ్ముడికి మాత్రం రెండూ నున్నటివే చాలు.

పర్లాకిమిడి: గాలి ఎంత కొట్టించాలి అన్నా? ట్యూబులూ మార్చాలా?

జయపురం: 65, 70 కిలోల మనిషైతే వెనక 50, ముందు 45 పీఎస్ఐతో మొదలుపెట్టు. టైరు పక్కన అచ్చేసిన హద్దు మాత్రం దాటకు. మరీ గట్టిగా అనిపిస్తే కొద్దికొద్దిగా తగ్గించు. బాగా తగ్గిస్తే గుంతలో పడ్డప్పుడు రిమ్ము, నేల మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది. వేలితో నొక్కి చూస్తే తెలీదు, గేజు ఉన్న పంపు కొనుక్కో. ట్యూబు మీద 1.75 నుంచి 2.125 అని ఉంటే పాతవే సరిపోతాయి.