ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కు వస్తున్నాం, బాబుకు సోరియాసిస్, చలికి పెరుగుతుందా?

హన్మకొండ నుంచి, కొత్త సభ్యుడు:
అందరికీ నమస్తే. జనవరిలో లీడ్స్‌కు వస్తున్నాం. బాబుకు 7 ఏళ్లు, మోచేతుల మీద, తలలో సోరియాసిస్ పొలుసులు. ఎండాకాలం తగ్గుతాయి, సంక్రాంతి ముందు మళ్లీ లేస్తాయి. అక్కడి చలి గురించి అందరూ భయపెడుతున్నారు. టెన్షన్‌గా ఉంది.

కాజీపేట అన్న, లీడ్స్:
తమ్మీ, చలి సంగతి తర్వాత, ముందు ఇంటిని, నీళ్లను వేడి చేసే బాయిలర్ చూడు. మేం దిగిన మొదటి జనవరిలోనే మా ఇంట్లో అది ఆగింది. ఓనర్‌కు ఫోన్ చేస్తే రేపు అన్నాడు. ఆ రేపు 11 రోజులకు వచ్చింది. అన్నాళ్లూ ఫ్యాన్ హీటర్ పాప మంచం పక్కనే పెట్టి, కెటిల్‌తో నీళ్లు కాచి పోశాం. ఆ పొడి గాలికి చర్మం పగిలి, పాప గోకిన చోటల్లా కొత్త మచ్చలు. చివరికి అద్దె ఇళ్ల 1985 చట్టం, సెక్షన్ 11 అని మెయిల్‌లో రాస్తే మర్నాడే మనిషి వచ్చాడు. హీటింగ్, వేడినీళ్ల రిపేరు ఓనర్‌దే. ఫోన్ చేయకు, మెయిలే పెట్టు.

నర్సంపేట అక్క, నర్సు:
అన్నా, మీ బాయిలర్ కథ ఏడాదికోసారి వింటున్నాం. తమ్మీ, సోరియాసిస్‌కు మూలం వంశంలోనే ఉంటుంది, బయటివి దాన్ని లేపుతాయి. చలి, పొడి గాలి అందులో ఒకటి. గోకిన చోట, బూటు ఒరుసుకున్న చోట లేవడాన్ని కోబ్నర్ అంటారు. కానీ పిల్లల విషయంలో నేను మొదట అడిగేది గొంతు నొప్పి గురించే. స్ట్రెప్ అనే బ్యాక్టీరియాతో గొంతు ఇన్ఫెక్షన్ వచ్చిన రెండు మూడు వారాలకు ఒళ్లంతా చినుకులు పడ్డట్టు సన్న మచ్చలు లేవవచ్చు. కొత్త బడిలో మొదటి చలికాలం గొంతు నొప్పులు తప్పవు, జీపీకి, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్‌కు చూపించు. పేరు రాయించుకోవడానికి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, కౌంటర్లో అడిగినా సరే. 16 ఏళ్లలోపు పిల్లల మందులకు డబ్బులు కట్టే పని లేదు.

ములుగు రోడ్డు, బర్మింగ్‌హామ్:
వంకాయ మానిపించండి. వచ్చేటప్పుడు చౌరస్తా మెడికల్ షాపులో ట్యూబులు తెచ్చుకోండి, రెండు రోజుల్లో మాయం.

నర్సంపేట అక్క:
ఆ ట్యూబుల్లో చాలావరకు గట్టి స్టెరాయిడే. డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఒక్కసారిగా ఆపితే ఎక్కువై లేస్తుంది. వంకాయ సంగతికి ఆధారం లేదు. ఇక్కడికి వచ్చాక చిప్స్ మరిగి పెరిగే బరువు గురించి అడగండి, చెప్తాను. ఈ జబ్బున్న పిల్లల్లో ఊబకాయం ఎక్కువే.

ములుగు రోడ్డు:
మా తాతకు వంకాయ మానేస్తేనే తగ్గింది అక్కా.

కాజీపేట అన్న:
మీ తాత అప్పుడే బీడీలు కూడా మానేశాడని ఉగాది రోజు నువ్వే చెప్పావు కదా!

నర్సంపేట అక్క:
అదీ మాట. ఇంట్లో పొగ పీల్చే పిల్లల్లో సోరియాసిస్ ఎక్కువని అధ్యయనాల్లో కనిపించింది. షేరింగ్ ఇల్లు తీసుకుంటే సిగరెట్ తాగేవాళ్లున్నారేమో అడుగు తమ్మీ. పిల్లలున్న కారులో తాగితే ఇక్కడ 2015 నుంచి ఫైన్ కూడా.

హన్మకొండ నుంచి:
థాంక్స్ అక్కా. బడిలో అంటుకుంటుందని అంటే ఏం చేయాలి?

నర్సంపేట అక్క:
అంటుకోదు. మా చిన్నదాన్ని ఈత క్లాసు నుంచి వెనక్కి పంపారు, నేను నర్సునని చెప్పినా వినలేదు. మొదటి రోజే టీచర్‌కు నువ్వే చెప్పు, బాబుతో చెప్పించకు.

కాజీపేట అన్న:
తమ్మీ, చూసిన ఇంట్లో బాయిలర్ ఎన్నేళ్లదో అడిగావా?