పాత 35 బండి లిఫ్ట్ గొర్రును లేపట్లేదు, పంపు మార్చాల్సిందేనా?

ప్రశ్న, మిర్యాలగూడ వైపు రైతు:

అందరికీ నమస్కారం. మా నాన్న కొన్న పాత ఎర్ర ట్రాక్టర్, 35 హార్స్‌పవర్, ఫెర్గూసన్ రకం. ఇంజన్ ఇప్పటికీ సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, బాధంతా లిఫ్ట్‌తోనే. ఏమీ తగిలించకపోతే వెనక లిఫ్ట్ ఆర్మ్స్ చకచకా లేస్తాయి. తొమ్మిది పళ్ల గొర్రు తగిలిస్తే పొద్దున పూట ఎలాగో లేపుతుంది కానీ, రెండు గంటలు దున్నాక సగం దాకా వచ్చి ఆగిపోతుంది, రేస్ పెంచినా అంతే. మడి చివర మలుపు దగ్గర దిగి గొర్రును భుజంతో ఎత్తే గతి పట్టింది. మెకానిక్‌ను పిలిస్తే మూత కూడా తీయకుండానే పంపు పోయింది, మొత్తం మార్చాలి, 20 వేలు అన్నాడు. పంపు మారిస్తే పోతుందన్న గ్యారంటీ మాత్రం ఇవ్వడట. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

తెనాలి నుంచి, ఒకప్పటి ట్రాక్టర్ మెకానిక్:

తమ్ముడూ, పంపు మాట తర్వాత చూద్దాం. ముందు రూపాయి ఖర్చు లేని పనులున్నాయి, అవి చేసి ఏం కనిపించిందో ఇక్కడ రాయి.

మీ బండి లిఫ్ట్ పంపు పీటీఓ షాఫ్ట్ మీద, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్ట్ మీద తిరుగుతుంది. ఎడమ పక్క కింద ఉండే పీటీఓ లివర్ ఇంజన్ వైపు పూర్తిగా పడిందా లేదా చూడు. అది గ్రౌండ్ వైపు ఉంటే బండి కదిలినప్పుడే లిఫ్ట్ లేస్తుంది, ఇదొక్కటి తెలియక వర్క్‌షాపు దాకా తోలుకొచ్చిన వాళ్లను చూశాను. తర్వాత సీటు పక్కన రెండు లివర్లుంటాయి కదా, ఒకటి డ్రాఫ్ట్ (నేల లాగుడును బట్టి లోతు సర్దేది), ఇంకోటి పొజిషన్ (పెట్టిన ఎత్తులో నిలబెట్టేది). పొజిషన్ లివర్‌తో ఎత్తాలంటే డ్రాఫ్ట్ లివర్ పూర్తిగా పైన ఉండాలి. అది కిందికి ఉంటే రెండో లివర్ ఎంత లాగినా లిఫ్ట్ సరిగ్గా మాట వినదు.

ఇవి సరిగ్గా ఉంటే గేజీ తీసి ఆయిల్ చూడు. మీ బండికి గేర్‌బాక్స్‌కీ, వెనక హౌసింగ్‌కీ, హైడ్రాలిక్‌కీ అంతా ఒకటే ఆయిల్, పంపు అందులోనే మునిగి ఉంటుంది. లెవెల్ ఎంత ఉంది, రంగు ఏంటి, రెండూ రాయి.

ఆఖరిది అసలైన పరీక్ష. గొర్రు తగిలించి ఎంత లేస్తే అంత లేపి ఇంజన్ ఆపెయ్యి. గొర్రు నిలబడి ఉంటుందా, దిగుతుందా, ఎంతసేపట్లో దిగుతుంది? దాని కింద చెయ్యీ కాలూ పెట్టకు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు.

ఖమ్మం జిల్లా రైతు:

అన్నా, మీరు ఇదే బండికి ట్రాలీ కూడా కడతారా? జాక్ ట్రాలీ (ఆయిల్ ఒత్తిడితో ఎత్తి బోర్లించేది) అయితే దాని పైపు విప్పేసి, ఆ రంధ్రానికి డమ్మీ మూత బిగించి ఒకసారి లేపి చూడండి. మాకు లిఫ్ట్ నీరసపడి నెలంతా తల పట్టుకున్నాం, చివరికి చూస్తే ట్రాలీ పైపు దగ్గరి వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. ఇంకో సంగతి, జాక్ పైకి లేచినప్పుడు అందులోకి పోయే ఆయిలంతా మన బండి కడుపులోదే. ఇసుకకు, మట్టికి తిరిగే ట్రాలీల్లో జాక్ లోపల ఏముంటుందో దేవుడికెరుక, అదంతా తిరిగి బండిలోకే వస్తుంది. అద్దె ట్రాలీ తగిలించాలంటే నాకిప్పటికీ టెన్షనే.

మిర్యాలగూడ రైతు:

అన్నా, చూశాను. పీటీఓ లివర్, డ్రాఫ్ట్ లివర్ మీరు చెప్పినట్టే ఉన్నాయి. ట్రాలీ ఉంది కానీ పైపు తీసేసే ఉంది, డమ్మీ కూడా బిగించి ఉంది. ఆయిల్ లెవెల్ గేజీ మీద కింది గీతకు కూడా తగలట్లేదు, రంగు మాత్రం పాలు ఎక్కువైన టీలా ఉంది! ఇంజన్ ఆపితే గొర్రు ఒకటిన్నర నిమిషంలో నేలకు ఆనింది. ఇంజన్ నడుస్తుంటే రెండు మూడు సెకన్లకోసారి ఆర్మ్స్ తల ఊపినట్టు కొంచెం దిగి మళ్లీ లేస్తున్నాయి. పోయిన సీజన్‌లో ఈ బండితోనే దమ్ము చేశాం, ఇరుసు దాకా నీళ్లలో తిరిగింది.

తెనాలి మెకానిక్:

నువ్వు సగం జబ్బు చెప్పేశావు. దమ్ములో కేజ్ వీల్స్‌తో తిరిగిన బండికి ఇరుసు సీళ్ల దగ్గర్నుంచో, గేర్ రాడ్ రబ్బరు దగ్గర్నుంచో నీళ్లు దిగడం మా డెల్టాలో ప్రతి ఏడూ చూసేదే. నీళ్లు కలిసిన ఆయిల్ తెల్లబడుతుంది, నురగ కడుతుంది, నురగంటే గాలి, గాలిని పంపు ఎంత నొక్కినా ఒత్తిడి పుట్టదు. పైగా లెవెల్ తక్కువైతే ఎగుడుదిగుడు నేల మీద పంపు ఆయిల్‌కు బదులు గాలే పీలుస్తుంది.

అయితే ఆయిల్ మార్చగానే అంతా సర్దుకుంటుందని అనుకోకు. నీ గొర్రు ఆపగానే దిగుతోంది కాబట్టి లోపల ఎక్కడో కారుతోంది. ఈ పంపులో కంట్రోల్ వాల్వ్ ఆయిల్ పీల్చుకునే వైపు ఉంటుంది, అదే ఫెర్గూసన్ తెలివి. ఆర్మ్స్ కావలసిన ఎత్తుకు రాగానే పీల్చుడు ఆగిపోతుంది, పంపు ఊరికే తిరుగుతుంది. కాస్త దిగగానే మళ్లీ పీల్చి పైకి తోస్తుంది, నువ్వు చూసిన తల ఊపుడు అదే. పంపు ఒక్కటే నీరసపడి మిగతాదంతా గట్టిగా ఉంటే లేవడం కష్టమవుతుంది గానీ, లేచింది అంత తొందరగా దిగదు. ఇంకో గుర్తు కూడా ఉంది: పంపులో నాలుగు పిస్టన్లుంటాయి, అందులో ఒకదాని వాల్వ్ పట్టేస్తే గొర్రు ఒకే ఊపున కాకుండా కుంటుతూ కుంటుతూ లేస్తుంది. నీది కుంటుతోందని నువ్వెక్కడా అనలేదు, సగం దాకా వచ్చి ఆగిపోతోంది అన్నావు. వేడెక్కితే ఆయిల్ పలచబడి కారుడు ఎక్కువవుతుంది, అందుకే పొద్దున బాగుండి మధ్యాహ్నానికి చేతులెత్తేస్తోంది. చిక్కని ఆయిల్ పోసిన బండి దీనికి ఉల్టా, చలిలో మొరాయించి వేడెక్కాక బాగుంటుంది.

కారే చోట్లు నాలుగైదే. పైమూత కింద ఉండే సిలిండర్ పిస్టన్ రింగులు, పంపు నుంచి పైకి ఆయిల్ తీసుకెళ్లే నిలువు పైపు ఓ రింగులు (ఆయిల్ కారకుండా వేసే రబ్బరు రింగులు), రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే ఆయిల్ వదిలేసేది), పంపు కంట్రోల్ వాల్వ్. ఊహించడం ఎందుకు, కళ్లతో చూడొచ్చు. కుడి పక్క గేజీ ఉండే సైడ్ మూత ఉంది కదా, కుడి చక్రాన్ని చిన్న గట్టు మీదికి ఎక్కించి, ఆయిల్ ఆ మూత కిందికి దిగేదాకా తీసి, మూత విప్పు. గొర్రు లేపిపెట్టి, టార్చి వేసి చూడు. చూడు అన్నానంటే కంటితోనే, లోపల షాఫ్ట్ తిరుగుతూ ఉంటుంది, వేలు పెడితే పోతుంది. ఒత్తిడితో చిమ్మే ఆయిల్ చర్మంలోకి దిగిపోతుంది కాబట్టి ముఖం దగ్గరగా పెట్టొద్దు, అడ్డంగా అట్టముక్క పట్టుకో.

ఇంకో సభ్యుడు, సిద్దిపేట:

మా బండి కూడా ఇలాగే చేస్తే నేను నేరుగా పైమూత లేపించేశాను, కొత్త రింగులు వేశాక బాగానే ఉంది. ఇన్ని పరీక్షలెందుకు, ఎలాగూ పాత బండే కదా, అంతా ఒకేసారి చేయించేస్తే పోదా?

తెనాలి మెకానిక్:

మీకు అదృష్టం కలిసొచ్చింది అండి, కారేది అక్కడే అయ్యింది. పైమూత మనిషి ఎత్తే బరువు కాదు, చైన్ బ్లాక్ కావాలి. ఆ నిలువు పైపు తీయకుండా మూత లేపి పైపు వంచేసిన వాళ్లను కూడా చూశాను. కారేది ఎక్కడో తెలిశాక విప్పితే ఒక్కసారితో పోతుంది.

మిర్యాలగూడ రైతు:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను, ఊళ్లో పెళ్లి వచ్చి ఆలస్యమైంది. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున్నే డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేస్తే ముందు మట్టి నీళ్లే వచ్చాయి, దాదాపు ఒక చెంబెడు. తర్వాత తెల్లటి ఆయిల్. సైడ్ మూత తీసి, మా తమ్ముడు లివర్ లాగితే నేను టార్చి పట్టాను. సిలిండర్ కింద బొట్టు బొట్టుగా కారుతోంది గానీ అసలు కథ కింద ఉంది. నిలువు పైపు పంపులోకి దిగేచోట, గొర్రు బరువు పడగానే, చుట్టూ గొడుగు విప్పినట్టు ఆయిల్ చిమ్మింది. అట్టముక్క తడిసి నా చేతిలోనే వంగిపోయింది. ఇంజన్ ఆపాక కూడా గొర్రు దిగేదాకా చిమ్ముతూనే ఉంది. ఇప్పుడు దానికోసం పైమూత లేపాలా?

తెనాలి మెకానిక్:

అక్కర్లేదు. ముందు గొర్రు దించి విప్పెయ్యి, ఆర్మ్స్ పూర్తిగా కిందికి వదిలెయ్యి, పైపులో ఒత్తిడి ఉండకూడదు. సీటు దగ్గర పైమూత మీద చిన్న టోపీ లాంటి ముక్క బోల్టులతో ఉంటుంది, ట్రాలీ పైపు తగిలించేది కూడా అక్కడే. అది విప్పితే పైపు పై కొన కనబడుతుంది, తిప్పుతూ పైకి లాగు. పైపుకు పైనా కిందా ఓ రింగులుంటాయి, ఒకటే పోయినా అన్నీ మార్చు. పాత రింగు పట్టుకుని షాపుకెళ్లి, ఆయిల్‌కు తట్టుకునేదే అడుగు. నీటి మోటారుకు వేసే వాషర్ అదే సైజులో దొరుకుతుంది, మోసపోకు, నెలకే ఉబ్బిపోతుంది. పైపు కొన మీద గీతలుంటే చెప్పు, కొత్త రింగు కూడా ఆగదు. ఎక్కించేటప్పుడు ఆయిల్ పూసి మెల్లగా దించు, సుత్తితో కొట్టావంటే రింగు అక్కడే తెగుతుంది.

ఇరుసు సీలు సంగతి కూడా చూడు, లేకపోతే వచ్చే దమ్ముకు ఇదే ఆయిల్ మళ్లీ పారబోస్తావు.

మిర్యాలగూడ రైతు:

అయిపోయింది అన్నా. రింగులు గట్టిపడి, గోటితో నొక్కితే ముక్కలయ్యాయి. కొత్తవి వేసి, ఆయిల్ పుస్తకంలో రాసిన రకమే పోశాను, ఖర్చంతా ఆయిల్‌కే. నిన్న సాయంత్రం దాకా ఆగకుండా దున్నాను, గొర్రు ప్రతి మలుపులోనూ లేచింది. ఇంజన్ ఆపితే అరగంటకు జానెడు దిగుతోంది, అది సిలిండర్ దగ్గర బొట్టు అనుకుంటా. ఎండాకాలం పనుల్లేనప్పుడు పైమూత లేపుదాం అనుకుంటున్నాను, అప్పుడు పైపు ముందు తీస్తానులెండి. ఎడమ ఇరుసు సీలు దగ్గర జిడ్డుంది, అది రేపు.