శ్రుతి జారుతోందా, తీగ పట్టేస్తోందా? – గిటార్ ‘నట్’కి తెలుగు మాట

ప్రశ్న: గిటార్ మెడ చివర, తల మొదలయ్యే చోట గాడులున్న చిన్న పట్టీ మీద తీగలు ఆనుతాయి. దాన్ని నట్ అంటున్నారు. తెలుగులో రాస్తే చదివేవాళ్ళకి బోల్టు నట్టే గుర్తొస్తోంది. వేరే మాట ఉందా? దాని లోపాన్ని ‘శ్రుతి జారుతోంది’ అనవచ్చా?

జవాబు: వీణలో దాన్ని మేరువు అంటారు. మెట్ల (ఫ్రెట్ల) లెక్క దాని తరవాతే మొదలవుతుంది కాబట్టి గిటార్‌కీ అతుకుతుంది. దుకాణంలో మాత్రం నట్ అనే అడగండి, మేరువంటే జపమాల చూపిస్తారు.

‘జారడం’ మాత్రం వద్దు. అది శ్రుతి మెల్లగా కిందికి దిగడం. బిరడకి, అంటే తీగ బిగించే మరకి, చుట్లు సరిగా పడకపోయినా, కొత్త తీగ ఇంకా సాగుతున్నా అలా అవుతుంది. మేరువు దగ్గర జరిగేది తీగ పట్టేయడం. బిరడ తిప్పుతుంటే శ్రుతి చూపించే ట్యూనర్ ముల్లు కదలదు. ఇంకాస్త తిప్పగానే ‘టిక్’మని ఒక్కసారిగా పైకి గెంతుతుంది. బిగువంతా మేరువుకీ బిరడకీ మధ్య ముక్కలో పోగుపడి, గాడి వదిలాక ఇవతలికి వస్తుంది. అనుమానముంటే తీగని గట్టిగా వంచి వదలండి. శ్రుతి తగ్గిందా? ఇప్పుడు మేరువు అవతలి ముక్కని వేలితో ఒక్కసారి నొక్కండి. తగ్గింది తిరిగి పైకొస్తే దోషం గాడిదే. ట్రెమొలో కడ్డీ (తీగలన్నిటి బిగువూ ఒకేసారి మార్చే కడ్డీ) ఉంటే, దాన్ని కిందికి నొక్కి వదిలితే దీనికి తలకిందులు, శ్రుతి ఎక్కువై నిలుస్తుంది.

మరో జవాబు: తలకి అటు మూడు, ఇటు మూడు బిరడలున్న గిటార్లలో ముందు మూడో తీగని, తరవాత నాలుగో తీగని అనుమానించండి. అవి మేరువు దాటగానే పక్కకి ఎక్కువ మలుపు తిరుగుతాయి. లావు సెట్‌కి మారినా ఇదే బాధ. 9 సెట్‌కి కోసిన గాడిలో 11 సెట్ తీగ ఇరుక్కుంటుంది (ఆ అంకె సెట్‌లో అతి సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). గాడి వెడల్పు తీగ మందం కంటే 0.05 నుంచి 0.08 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. అడుగు గుండ్రంగా ఉండాలి, ‘వి’ ఆకారంలో ఉంటే రెండు గోడలూ తీగని నొక్కేస్తాయి.

ప్రశ్న: కొత్తది కొనాలంటే ఏం కొలవాలి?

జవాబు: ముందు పాతదాని అడుగు చూడండి. ఫెండర్ కంపెనీ గిటార్ల తరహా మేరువు సన్నం, 3.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అడుగు వంపుగానో చదునుగానో ఉండొచ్చు. గిబ్సన్ తరహాది మందం, చదును. తరవాత పొడవు (చాలావాటికి 43, క్లాసికల్‌కి 52 మిల్లీమీటర్లు), చివరి తీగల మధ్య దూరం. చవక గిటార్లలో వచ్చే డొల్ల ప్లాస్టిక్ ముక్క కంటే ఎముక ఎంతో నయం, కానీ గాడులు నునుపు చేయాలి. ఎముక వద్దనుకుంటే గ్రాఫ్‌టెక్ వాళ్ళ టస్క్ ఎక్స్‌ఎల్ తీసుకోండి. అందులో టెఫ్లాన్ కలిసి ఉంటుంది, తీగ దానంతటదే జారుతుంది.

ఇక ఎత్తు. తీగని రెండు, మూడు మెట్ల మధ్య నొక్కిపెట్టి మొదటి మెట్టు మీద సందు చూడండి. కాగితం మందం, అంటే 0.1 మిల్లీమీటరు దగ్గర చాలు. సందు ఎక్కువుంటే మొదటి మెట్టు దగ్గర పట్టే కార్డులన్నీ (కలిపి మోగించే స్వరాల గుంపులు) శ్రుతి మించి పలుకుతాయి. అసలు లేకపోతే, ఏ మెట్టు దగ్గరా నొక్కకుండా వదిలిన తీగ జిరజిరలాడుతుంది. ఆకురాయితో రెండు సార్లు గీయడం, తీగ వేసి చూడడం, మళ్ళీ గీయడం, అంతే. తొందరపడితే మిగిలేది లోతైన గాడే. అలా అయితే ఎముక పొడి నింపి, సూపర్ గ్లూ చుక్క వేసి, ఆరాక మళ్ళీ కోయాలి. లావు తీగలు సగం పైకి కనిపించాలి. అంతకంటే మునిగితే పైభాగం అరగదీయండి, లేకపోతే పక్క గోడలు పట్టేస్తాయి.

మరొకరు: ప్రత్యేకమైన ఆకురాళ్ళు ఖరీదు. ఉన్న గాడిని నునుపు చేయడానికి పైన సన్న తీగ చుట్టి ఉండే పాత లావు తీగ ముక్కకి 600 నంబరు సాండ్‌పేపర్ చుట్టి లాగితే సరిపోతుంది. అయితే ఆ రెండిటి మందం కలిపి చూసుకోండి, గాడి వెడల్పయిపోతే తీగ అందులో అటూ ఇటూ కదిలి జిరజిరమంటుంది. ఆఖర్న పెన్సిల్ ములుకు గాడిలో రుద్దండి. ఇరుకు గాడికి అది మందు కాదు, రెండు రోజుల ఉపశమనం.

ప్రశ్న: ఎత్తు సరిగ్గానే ఉంది, గాడీ ఇరుకు కాదు. అయినా వదిలిన తీగ సితార్‌లా మోగుతోంది. దీన్నేమంటారు?

జవాబు: తంబురా వాళ్ళయితే జీవా అంటారు. గుర్రం (తీగలు ఆనే బ్రిడ్జి) మీద దారం పెట్టి ఆ నాదాన్ని కావాలని రప్పిస్తారు. గిటార్‌లో అది లోపమే. మీ గాడి అడుగు ముందంచు దగ్గర పల్లమై, తీగ వెనకెక్కడో ఆనుతోంది. తీగ మెట్ల వైపు అంచునే మొదట తాకాలి, అక్కడి నుంచి తల వైపు వాలు ఉండాలి. ఆ వాలు తల వంపులో సగం చాలు. ఆకురాయి వెనక కొన కాస్త దించి, ముందంచు తాకకుండా గీయండి.